వంశచరిత్ర – జనాభా లెక్కలు – సాక్ష్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము యొక్క పాఠము)



యాగంటి క్షేత్రమును దర్శించి వచ్చిన ప్రతివాడును ఉమామహేశ్వరుని గూర్చి ఒక మాట చెప్పి, నందీశ్వరుని గూర్చి పది మాటలు చెప్పును. బసవన్న పెరుగుచున్నాడనియు, పూర్వము చుట్టును ప్రదక్షిణము చేయుటకు చోటుండెడిదనియు, ఇప్పుడు స్తంభములకు నందికి నడుమ సందు లేకపోయెననియు ఈ సీమలో పసిపిల్లవాడును చెప్పగలడు. ఇరువది యేండ్లకు ఒక అంగుళము చొప్పున పెరుగుచున్నాడని లెక్క గూడ వినవచ్చుచున్నది. భక్తునకు ఆ మాట చాలును. లెక్క వ్రాయువానికి మాత్రము చాలదు. ఎవరు కొలిచిరి? ఏ యేట కొలిచిరి? కొలబద్ద మెడ దగ్గర పెట్టిరా, మూపురము దగ్గర పెట్టిరా? ఆ కొలత వ్రాసిన కాగితము నేడు ఎక్కడ నున్నది? ఈ నాలుగు ప్రశ్నలకు బదులు దొరికిననాడు జనశ్రుతి చరిత్రమగును. అంతదాక అది జనశ్రుతియే. జనశ్రుతి యనుటలో తక్కువతనము లేదు. దానిని దాని పేరుతో పిలుచుటయే న్యాయము.

దేవుని వాహనమునకు వర్తించు ఈ న్యాయము మనుష్యుల వంశములకు మరింతగా వర్తించును. ఈ దినములలో చదువుకొన్న పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుండి వంశవృక్షములను గీయుచున్నారు. దూరదేశములలో ఉద్యోగము చేయువారు సెలవులకు వచ్చినప్పుడు తాతముత్తాతల పేర్లడిగి వ్రాసికొని పోవుచున్నారు. సంతోషింపదగిన సంగతియే. కాని పేర్లు వ్రాసికొనుచున్నంత శ్రద్ధతో, ఆ పేర్లు ఎక్కడ దొరికినవో వ్రాసికొనువారు అరుదు. వేరు లేని వృక్షము ఎంత యెత్తైనను గాలికి నిలువదు. వంశవృక్షమునకు వేరు సాక్ష్యము. నేటి ప్రసంగమునకు విషయ మదియే.

ఆంధ్రకవులు ఈ విషయమును ఎరుగనివారు కారు. ప్రబంధమునకు అవతారిక యుండును. అవతారికలో కృతిపతి వంశవర్ణన యుండును. మూలపురుషుడు మొదలు కృతిపతి వరకు తండ్రి, తల్లి, సోదరులు వరుసగా వత్తురు. అల్లసాని పెద్దన మనుచరిత్రమున తుళువ వంశమును వర్ణించెను. శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో ఆ వంశవర్ణన పద్యములనే గ్రహించి చేర్చుకొనెను. ఇందు వంశచరిత్ర వ్రాయువారికి గొప్ప పాఠము గలదు. రెండు గ్రంథములలో ఒకే వంశక్రమము కనబడినది గనుక సాక్షులిద్దరని యెవడైన తలంచినచో పొరపాటు పడినట్లే. రెండవది మొదటిదాని నుండి వచ్చినది, సాక్షి యొక్కడే. మరియు ఆ వంశక్రమము చంద్రునితో మొదలగును. చంద్రుడు, బుధుడు, పురూరవుడు అను భాగమునకు పురాణము ఆధారము. రాయల తండ్రి నరసనాయకుడు అను భాగమునకు శాసనములును ఆధారము. రెండును ఒకే పద్యక్రమములో నున్నను రెండింటి బలము ఒకటి కాదు. ఏ మెట్టునకు ఏ ఆధారమో విడివిడిగా చెప్పుటయే వంశచరిత్రకారుని పని.

ఇతర దేశములలో ఈ పని చేయువారికి జనాభా లెక్కల పత్రములు పెద్ద ఆధారము. ఇంగ్లండులో 1841 మొదలు ప్రతి యింటిలోని వారి పేర్లు, వయస్సులు, వృత్తులు పత్రములలో నిలిచియున్నవి. నూరేండ్లు గడచిన పిమ్మట ఆ పత్రములను ప్రజలకు చూపుదురు. 1921 నాటివి 2022 జనవరిలో వెలుగు చూచినవి. అమెరికాలో డెబ్బదిరెండేండ్ల నియమము. 1950 నాటివి 2022 ఏప్రిలులో తెరచిరి. అందువలన అక్కడి మనుమడు తన ముత్తాత ఏ వీధిలో, ఏ ఇంటిలో, ఎవరెవరితో కాపురముండెనో పుట సంఖ్యతో సహా చెప్పగలడు. అయితే కాగితమునకు అగ్నిభయము ఎక్కడనైన నున్నది. ఇంగ్లండు 1931 పత్రములు 1942లో కాలిపోయినవి. 1941లో యుద్ధము వలన లెక్కయే జరుగలేదు. అమెరికా 1890 పత్రములలో అధికభాగము 1921 నాటి అగ్నిప్రమాదమున చెడిపోయినవి. ఇరువది యేండ్ల నాటి మనుష్యులు ఒక్క రాత్రిలో కనుమరుగైరి. గ్రంథాలయమున బీరువాకు తాళము వేయువాడు ఈ సంగతి మరువరాదు.

ఈ దేశమున జనాభా లెక్క కొత్తది కాదు. మద్రాసు రాజధానిలో 1871 నవంబరులో ప్రజలను లెక్కించిరి. దేశమంతట ఒకే కాలమున 1881 ఫిబ్రవరి 17న లెక్క జరిగెను. అది మొదలు 2011 వరకు పదేండ్లకొకసారి తప్పక జరుగుచు వచ్చెను. 2021లో జరుగవలసినది మహమ్మారి వలన ఆగిపోయెను. 2027 మార్చి 1వ తేదిని ప్రాతిపదికగా గైకొని జరుపుదుమని 2025 జూన్‌లో ప్రభుత్వము ప్రకటించెను. పూర్వము గ్రామములలో ఇండ్లకు గుర్తులు వేసి, పత్రములు నింపిన వారిలో కరణములే ఎక్కువ. అనగా ఈ పల్లెలలోని ప్రతి కుటుంబము పేరును ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒక కరణము తన గంటముతోనో కలముతోనో వ్రాసియుండెను.

కాని ఆ పత్రమును నేడు వంశచరిత్రకారుడు చూడలేడు. 1948 నాటి జనాభా లెక్కల చట్టములోని 15వ సెక్షను ప్రకారము లెక్కాధికారి వ్రాసిన పుస్తకమును గాని, పత్రమును గాని పరీక్షించు హక్కు ఎవరికిని లేదు; అందలి వ్రాత న్యాయస్థానమున సాక్ష్యముగాను చెల్లదు. ప్రజలు నిర్భయముగా నిజము చెప్పవలెనన్నచో రహస్యము కాపాడవలసినదే. చట్టము యొక్క ఉద్దేశము మంచిదే. ఇంగ్లండు, అమెరికా దేశములలో వలె కొన్నేండ్లకు తెరచు నియమము మాత్రము ఇందులో లేదు. కావున ఈ దేశమున జనాభా లెక్కల నుండి దొరకునది మొత్తముల లెక్కయే. 1951 మొదలు జిల్లా జనాభా లెక్కల చేతిపుస్తకములలో గ్రామవారీగా ఇండ్లు, జనసంఖ్య ఇచ్చుచున్నారు. ఆ పుస్తకములను నేడు కంప్యూటరులోను చదువవచ్చును. ఊరి సంఖ్య దొరకును. ఇంటి పేరు దొరకదు.

మొత్తముల లెక్క వలన వంశచరిత్రకు ఏమి ప్రయోజనమని అడుగవచ్చును. ఒక ఉదాహరణము చిత్తగింపుడు. బనగానపల్లె అప్పుడు నవాబుల సంస్థానము. 1871 లెక్కలో ఆ సంస్థానపు జనము 45,208. 1881 లెక్కలో 30,754. పదేండ్లలో పెరుగవలసిన జనము 14,454 మంది తగ్గిరి. దాదాపు మూడింట ఒక వంతు. కర్నూలు జిల్లాలో 1871లో 9,14,432 మంది యుండగా 1881లో 6,78,551 మంది మిగిలిరి. నడుమ జరిగినది 1876–78 నాటి మహాక్షామము. ధాత సంవత్సరమున మొదలైనది గనుక దానిని ధాత కరువని పెద్దలు చెప్పుకొనెడివారు. చచ్చినవారెందరో, వలస పోయినవారెందరో ఈ రెండు సంఖ్యల వలన విడివిడిగా తెలియదు. కాని ఈ ప్రాంతపు కుటుంబములలో వంశక్రమము నాలుగైదు తరముల వెనుక తటాలున తెగిపోయినచో, అక్కడ ఈ సంఖ్యలను ప్రక్కన పెట్టి చూడవలెను. 'ముత్తాత తండ్రి పేరు తెలియదు' అను ఖాళీ, మనుమల మరపు వలన కలిగినది కాకపోవచ్చును. చెప్పవలసిన వారే ఆ యేట మిగిలియుండకపోవచ్చును. సంఖ్య పేరు చెప్పలేకపోయినను, పేరు లేకపోవుటకు కారణమును సూచింపగలదు. సూచించును, నిరూపింపదు. వంశపత్రికలో వ్రాయునప్పుడు ఈ భేదమును పాటింపవలెను.

ఇక కంప్యూటరులో వ్రాయు విధమునకు వత్తము. వంశచరిత్రకై అనేక సాఫ్ట్‌వేరులు గలవు. గ్రాంప్స్ అనునది వెల లేకుండ దొరకును, ఎవరైనను వాడుకొనవచ్చును. ఒక సాఫ్ట్‌వేరు నుండి మరియొకదానికి వంశవృక్షమును చేరవేయుటకు జెడ్‌కామ్ అను వ్రాతపద్ధతి 1984 నుండి కలదు. 2021లో వెలువడిన దాని 7.0 రూపములో తెలుగు లిపి చెడక చేరును. ఏ సాఫ్ట్‌వేరు వాడినను మూడు సంగతులను వేరువేరుగా నుంచవలెను. మొదటిది మూలము: ఏ పుస్తకము, ఏ పత్రము, ఏ శాసనము. రెండవది ఉల్లేఖము: ఆ మూలములో ఎన్నవ పుట, ఎన్నవ పంక్తి, ఏ తేది. మూడవది భద్రస్థానము: ఆ మూలము నేడు ఎవరి యొద్ద, ఏ బీరువాలో, ఏ కచేరిలో నున్నది. కరణీకపు లెక్క తెలిసినవారికి ఇది సులభముగా బోధపడును. మూలము ఖాతా పుస్తకము. ఉల్లేఖము అందలి పద్దు. భద్రస్థానము దస్త్రపు పెట్టె. పద్దు ప్రక్క ఓచరు సంఖ్య లేని జమాఖర్చును ఏ తనిఖీదారు ఒప్పుకొనును?

ఒక్క మూలమునకు అనేక ఉల్లేఖములుండును. ఇంగ్లండు జనాభా లెక్కను ఉదాహరణముగా గైకొందము. 1921 లెక్క ఒక మూలము. అందు ఒక ఇంటి పత్రము ఒక ఉల్లేఖము. ఆ పత్రములో తండ్రి, తల్లి, నలుగురు పిల్లలున్నచో, ఆ ఒక్క ఉల్లేఖమును ఆరుగురికిని తగిలింపవలెను. ఆరుసార్లు వేరువేరుగా వ్రాయరాదు. అట్లు చేసినచో నొకచోట దిద్దిన తప్పు ఆరుచోట్లను దిద్దబడును. మరియు పత్రములో నున్నది ఉన్నట్లు ఎత్తి వ్రాయవలెను. వయస్సు నలుబదియని యుండిన నలుబదియనియే వ్రాయవలెను. దానినిబట్టి పుట్టిన సంవత్సరమును లెక్కగట్టి, అది లెక్కగట్టినదని, సుమారని తెలుపుచు వేరుగా వ్రాయవలెను. ఈ దేశపు పాత జనాభా లెక్కలలో వయస్సు తెలియనివారు ఇరువది, ఇరువదియైదు, ముప్పది అని గుండుగా చెప్పినందున, ఆ యంకెల యొద్ద జనము గుంపులుగా చేరినట్లు లెక్కల నివేదికలలోనే వ్రాసియున్నారు. నోటితో చెప్పిన వయస్సు జాతకచక్రము కాదు.

ఉల్లేఖమునకు విశ్వాసపు మెట్టు నిర్ణయించు వీలు గూడ సాఫ్ట్‌వేరులో కలదు. గ్రాంప్స్‌లో మెట్లు ఐదు: చాల తక్కువ, తక్కువ, సాధారణము, ఎక్కువ, చాల ఎక్కువ. జెడ్‌కామ్‌లో సున్న మొదలు మూడు వరకు నాలుగు మెట్లు. కొందరు తమకు ప్రీతికరమైన ఆధారమునకు పై మెట్టును, అప్రియమైనదానికి క్రింది మెట్టును ఇత్తురు. ఇది కూడని పని. సంగతి జరిగిన కాలమునకు దగ్గరగా, ఎరిగినవాడు, అబద్ధమాడుటకు ప్రయోజనము లేనివాడు వ్రాసినది పై మెట్టు. రెండు ఆధారములు విరోధించినచో ఒకదానిని చెరిపివేయక, రెండింటిని నిలిపి, ఏది యెందుకు గ్రాహ్యమో ప్రక్కన వ్రాయవలెను. ధర్మశాస్త్రములయందు ఋషుల మతభేదములను వ్యాఖ్యాతలు దాచలేదు. పూర్వపక్షము చెప్పి సిద్ధాంతము చేసిరి. వంశచరిత్రకును అదియే రాజమార్గము.

ఈ సీమలో వంశపత్రిక వ్రాయువారికి ప్రత్యేకముగా మూడు చిక్కులు గలవు. మొదటిది సంవత్సరము. పాత కాగితముపై 'ధాత సంవత్సర శ్రావణ శుద్ధ పంచమి' అని యున్నదనుకొందము. ధాత అరువదేండ్లకొకసారి వచ్చును. 1816లో వచ్చినది, 1876లో వచ్చినది, 1936లో వచ్చినది, 1996లో వచ్చినది. తొందరపడి 1936 అని వ్రాసినచో తాత మనుమడగును. శాలివాహన శకమున్నచో చైత్రము మొదలు డిసెంబరు వరకు 78ని, జనవరి మొదలు ఫాల్గుణాంతము వరకు 79ని కలుపవలెను. ఫసలీ యున్నచో జూలై మొదలు డిసెంబరు వరకు 590ని, జనవరి మొదలు జూన్ వరకు 591ని కలుపవలెను. ఫసలీ 1286 అనగా 1876–77. నవాబుల కాలపు పత్రములలో హిజరీ యుండును. అది చాంద్రమాన వర్షము, సౌరమానముకంటె చిన్నది గనుక కేవలము కూడిక చాలదు, పట్టికను చూడవలెను. ఏ విధమున లెక్కగట్టినను పత్రములోని తేదిని ఉన్నదున్నట్లు మొదట వ్రాసి, పిమ్మట ఇంగ్లీషు తేదిని వ్రాయవలెను.

రెండవ చిక్కు స్థలము. ఊరు కదలదు గాని దొరతనములు కదలును. 1800లో నైజాము దత్తము చేసిన మండలములు కుంఫిణీవారి క్రిందికి వచ్చెను. కర్నూలు నవాబుల యేలుబడి 1839లో ముగిసెను. కోయిలకుంట్ల తాలూకా కడప జిల్లాలో నుండి 1858లో కర్నూలు జిల్లాలో చేరెను. కావున అంతకు పూర్వపు కోయిలకుంట్ల దస్త్రములను కర్నూలు కాగితములలో వెదకినవాడు రిక్తహస్తములతో తిరిగివచ్చును. బనగానపల్లె సంస్థానము 1948లో మద్రాసు రాష్ట్రమున కలిసెను. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడెను. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడి బనగానపల్లె, ఆళ్లగడ్డ ప్రాంతములు అందు చేరెను. 'రాయలసీమ' అను పేరే 1928 నంద్యాల సభతో వ్యాప్తికి వచ్చెను. ఆ పేరు పెట్టిన ఘనతకు చిలుకూరి నారాయణరావుగారి పేరును, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేరును గూడ చెప్పువారున్నారు. నూరేండ్లైనను నిండని సంగతికే రెండు మాటలున్నప్పుడు, రెండువందల యేండ్ల నాటి సంగతికి ఎంత జాగ్రత్త కావలెనో ఊహింపుడు. సాఫ్ట్‌వేరులో ఒక ఊరు ఏ కాలమున ఏ తాలూకాలో, ఏ జిల్లాలో నుండెనో తేదీలతో వ్రాయు వీలున్నది. ఆ వీలును వాడుకొనవలెను.

మూడవ చిక్కు నామధేయము. తాత పేరు మనుమనికి పెట్టుట తెలుగువారి ఆచారము. ఒక వంశములో వెంకటసుబ్బయ్య కొడుకు నరసయ్య, నరసయ్య కొడుకు వెంకటసుబ్బయ్య, ఆ వెంకటసుబ్బయ్య కొడుకు నరసయ్య అని నాలుగు తరములు నడచుట సామాన్యము. సాఫ్ట్‌వేరు ఒకే పేరుగలవారిని చూచి 'ఇద్దరును ఒకరేనా?' యని యడుగును. తొందరలో ఔనన్నచో నూటయేబదియేండ్లు జీవించిన పురుషుడొకడు పుట్టును. ఇద్దరినొకరిగా కలుపుటకు ఒక్క పేరు చాలదు. తండ్రి పేరు, భార్య పేరు, భూమి సర్వే నెంబరు, కాలము ఇవి పొసగవలెను.

జనాభా పత్రము దొరకనిచోట మరి ఏ పత్రములు దిక్కు? ఈ దేశమున అవి తక్కువేమియు కాదు. కర్నల్ కాలిన్ మెకంజీ కావలి సోదరుల వంటి తెలుగువారి సాయముతో సేకరించిన గ్రామ కైఫియత్తులలో ఊరు పుట్టుక, దేవాలయములు, మాన్యములు, కరణముల వంశములు కనబడును. మద్రాసు రాజధానిలో 1858లో నెలకొల్పిన ఇనాము కమీషను వారి రిజిస్టరులలో మాన్యము అనుభవించువాని పేరు, వయస్సు, ఆ మాన్యము ఎవరికి ఎట్లు సంక్రమించెనో వ్రాసియుందురు. సెటిల్మెంటు రిజిస్టరులు, అడంగలు, రిజిస్ట్రేషను కచేరిలోని క్రయపత్రములు, పారీఖత్తులు, వీలునామాలు, 1899 నాటి మద్రాసు చట్టము క్రిందను పిమ్మట 1969 నాటి చట్టము క్రిందను వ్రాసిన జననమరణముల రిజిస్టరులు, పాఠశాల ప్రవేశ రిజిస్టరులు, పెండ్లి శుభలేఖలు, కాశీ గయలలోని పండాల పుస్తకములు, ఇవన్నియు మూలములే. 1984లో కరణము మునసబు ఉద్యోగములు రద్దైన పిమ్మట, వంశపారంపర్యముగా ఇండ్లలో నిలిచిన సొంత కాగితములు చెదలకు ఆహారము కాకముందే వానిని చూడవలెను. సర్కారు దస్త్రము సర్కారునకే చెందును. ఇంటి కాగితమును ఇంటివారే కాపాడవలెను.

సముద్రము దాటిపోయిన తెలుగువారి విషయమున మరియొక విధమైన పత్రము గలదు. చెరకు తోటలలో పనికై మద్రాసు రేవున ఓడలెక్కినవారి పేర్లను దొరలు పుస్తకములలో వ్రాసిరి. దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ట్రూరో అను మొదటి ఓడ 1860 నవంబరు 16న మద్రాసు నుండి చేరెను. ఫిజీ దీవులకు మద్రాసు నుండి కూలీలు పోవుట 1903లో మొదలయ్యెను. ఆ పత్రములలో మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది పుట్టుమచ్చ మొదలగునవి వ్రాసియుందురు. మారిషసులోని వలస పత్రములను మోకా అను చోట మహాత్మాగాంధీ సంస్థ భద్రపరచుచున్నది. దొర చెవికి వినబడినట్లు వ్రాసినందున తెలుగు పేర్లు గుర్తింపరాకున్నవి. అట్టిచోట పత్రములోని వ్రాతను అట్లే నిలిపి, 'ఇది ఫలాన పేరు కావచ్చును' అని వేరుగా వ్రాయవలెను. ఇది విచిత్రమైన విధి: ఇల్లు విడిచి, దేశము విడిచి, ఒప్పందముపై బొటనవ్రేలు వేసిన పేదవాని పుట్టుమచ్చ దొరుకును, అతడు విడిచిపోయిన అన్న పేరు ఊరిలో దొరకదు.

నిజమునకు, ఎవరి పేర్లు దొరకుచున్నవి, ఎవరివి దొరకుట లేదు అను ప్రశ్న వంశచరిత్రలో ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. మాన్యమున్నవాని పేరు ఇనాము రిజిస్టరులో నున్నది. భూమియున్నవాని పేరు అడంగలులో నున్నది. ఆ భూమిని దున్నినవాని పేరు, బావి త్రవ్వినవాని పేరు, చచ్చిన పశువును మోసినవాని పేరు ఏ రిజిస్టరులో నున్నది? స్త్రీల సంగతి మరియు శోచనీయము. పూర్వపు జనాభా లెక్కల సూచనలలో, ఆడువారి పేర్లు చెప్పుటకు ఇంటివారు సమ్మతింపనిచో పేరున్న గడిలో 'స్త్రీ' అని మాత్రము వ్రాయుడని యుండెను. ఆ గడి నిండెను. ఆమె మాత్రము అందులో లేదు. నేటి వంశవృక్షములలోను 'భార్య' అని వ్రాసి విడిచినవి కొల్లలు. కంప్యూటరులో ఆమెకొక గడి యున్నది. పేరు తెలియనిచో తెలియదని వ్రాసి, ఏయే ఆధారములను వెదకిరో వ్రాసిపెట్టుట కనీసధర్మము. రేపు ఒక పారీఖత్తులోనో, పసుపుకుంకుమ క్రింద ఇచ్చిన భూమి పత్రములోనో ఆమె పేరు వెలువడవచ్చును.

పత్రములలో లేనివారికి ముసలివారి నోటిమాటయే పత్రము. దానిని గూడ పద్ధతిగా వ్రాయవలెను. మనుమడు వచ్చి, ''జేజీ, నీవు ఎప్పుడు పుట్టితివి?'' అని యడిగిన, ''ఏమో నాయనా, మా యమ్మ చెప్పేది, పెద్దవానకు చెరువు తెగినేడు అని'' అని ఆమె బదులు చెప్పును. ఏదో ఒక సంవత్సరమును ఊహించి వ్రాసి ఆ మాటను పారవేయువాడు వజ్రమును విసరి గాజు ముక్కను దాచుకొన్నవాడు. ఆమె మాటను ఆమె పలుకుబడిలోనే వ్రాయవలెను. చెప్పినవారెవరు, అడిగినవారెవరు, ఏ తేదిన, ఎక్కడ అను నాలుగింటిని ఉల్లేఖములో చేర్చవలెను. ఆమె తాను కన్నది చెప్పినదా, తల్లి వలన విన్నది చెప్పినదా అని గూడ గుర్తింపవలెను. పిమ్మట చెరువు తెగిన సంవత్సరము వేరొక కాగితమున దొరకినచో ఆమె పుట్టిన యేడు దానంతట అది తేలును.

ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయము చేయదగిన పని యొకటి గలదు. జనాభా లెక్కకై ఎన్యూమరేటరు ఇంటికి వచ్చి, ఇంటివారు చెప్పినది వ్రాసికొనిపోవును. ఆ వ్రాత చట్టము ననుసరించి మూయబడును. కాని ఆ ఇంటివారు తమ సంగతులను తమకై వ్రాసికొనుటను ఏ చట్టమును వారింపదు. 2027 మార్చి 1వ తేది నాటికి ఇంటిలో నున్నవారెవరు, పూర్తి పేర్లేమి, స్త్రీల పుట్టింటి పేర్లేమి, ఎవరెక్కడ పుట్టిరి, ఎవరే పని చేయుచున్నారు, వలస పోయినవారెక్కడ నున్నారు అను సంగతులను ప్రతి కుటుంబమును ఒక కాగితముపై వ్రాసి, చెప్పినవారు వ్రాలు చేసి, ఇష్టమైనచో ముద్ర వేసిన కవరులో గ్రంథాలయమునకు అప్పగింపవచ్చును. గ్రంథాలయము వరుససంఖ్య వేసి, జాబితా కట్టి, భద్రపరచును. జీవించియున్నవారి వివరములను ఇతరులకు చూపరాదు; ఆధారు సంఖ్య, బ్యాంకు ఖాతా మొదలగునవి వ్రాయనేరాదు. సాఫ్ట్‌వేరులోను జీవించియున్నవారిని రహస్యముగా నుంచు గుర్తు గలదు. కవరును ఎన్నేండ్లకు తెరువవలెనో ఆ కుటుంబమే పైన వ్రాయవలెను. పెద్దవీధి ఇంటికి ఎంత కాగితమో ఊరిచివరి ఇంటికిని అంతే కాగితము. వ్రాయలేనివారికి విద్యార్థులు వ్రాసిపెట్టవలెను. పిమ్మట చదివి వినిపింపవలెను.

ఇందుకు కావలసినది ఒక ఇనుప బీరువా, ఒక వరుససంఖ్యల పుస్తకము, కొంత ఓర్పు. 1871 నాటికి బనగానపల్లె సంస్థానములో 45,208 మంది యుండిరని తెలియును. పదేండ్లలో తగ్గిపోయిన వారిలో ఇరువదిమంది పేర్లైనను వరుసగా చెప్పగలవారెవ్వరు? సంఖ్యను దొరతనము కాపాడినది. పేర్లను కాపాడవలసినవారు ఊరివారే. నూరేండ్ల పిమ్మట ఎవరో మునిమనుమరాలు ఈ గ్రంథాలయమునకు వచ్చి తన పూర్వుల పేర్లడిగినప్పుడు, గ్రంథపాలకుడు బీరువా తెరచి, సంఖ్య చూచి, కాగితము తీసి ఆమె చేతిలో పెట్టి, 'అమ్మా, ఇది ఫలాన తేదిన మీ ఇంటివారే చెప్పి వ్రాలు చేసినది' అని చెప్పగలుగవలెను. ఆ మునిమనుమరాలు దానిని తన కంప్యూటరులో వ్రాసికొనునప్పుడు భద్రస్థానము అను గడిలో ఈ గ్రంథాలయము పేరు వ్రాయును. ఇరువదియైదేండ్లు నిండిన సంస్థకు ఇంతకంటె గొప్ప సన్మానము మరియొకటి యుండబోదు.

ఉమామహేశ్వరుడు ఈ గ్రంథాలయమునకు దీర్ఘాయువును, ఇందలి కాగితములకు చెదలు, నీరు, నిప్పు తగులని భాగ్యమును అనుగ్రహించుగాక. స్వస్తి.